నాన్న లీవర్ రైఫిలు

మా నాన్న కోడిగుడ్డు కూడా ముట్టడు. అయినా తనను తాను వేటగాడిననే చెప్పుకునేవాడు. ఈ రెండూ ఎలా కుదురుతాయని అమ్మ అడిగినప్పుడల్లా "వేట వేరు, వంట వేరు" అనేవాడు. వేటలో ఆయనకు ఎప్పుడూ ఏదీ పడలేదు కనక, ఆ వాదన వంటింటి దాకా రావలసిన అవసరం కలగలేదు.

కృష్ణా జిల్లా నుంచి వచ్చి, యూనివర్సిటీలో భూగోళశాస్త్రం రీడరుగా కుదురుకుని, తార్నాకలో ఇల్లు కట్టుకున్నాడు. పటం పరిస్తే రాష్ట్రంలోని అడవులన్నీ వేలితో చూపించేవాడు. ఆ అడవుల్లోకి దారి ఎటో మాత్రం ఎవరో ఒకరు చెప్పాలి.

పాతబస్తీలో ఒక నవాబుగారి దేవిడీ వారసులు సామాన్లు అమ్మేస్తున్నారని తెలిసి, అమ్మ కోసం బీరువా కొనుక్కొస్తానని వెళ్ళి, రైఫిలు కొనుక్కొచ్చాడు. బట్టలు మరో రెండేళ్ళు ట్రంకు పెట్టెల్లోనే ఉన్నాయి.

నాన్నను ఎంతయినా వెక్కిరిస్తాను గాని, ఆ రైఫిలును వెక్కిరించలేను. అది అమెరికాలో తయారైన లీవర్ రైఫిలు. ట్రిగ్గరు చుట్టూ ఇనుప ఉంగరంలాంటి పిడి ఉంటుంది, అదే లీవరు. గొట్టం కింద ఇంకో సన్న గొట్టంలో తూటాలు వరసగా ఉంటాయి. కాల్చాక మూడు వేళ్ళతో లీవరును కిందికి తోస్తే ఖాళీ తొడుగు పైకెగిరి పక్కన పడుతుంది. మళ్ళీ మీదికి లాగితే కొత్త తూటా లోపలికి పోతుంది. రైఫిలును భుజం మీంచి దించక్కర్లేదు, గురి మీంచి కన్ను తియ్యక్కర్లేదు. లీవరు దిగి ఎక్కినప్పుడు వచ్చే ఆ "ఖళక్" చప్పుడు అంటే నాకు చాలా ఇష్టం. నాన్నకు మరీ ఇష్టం. ఆదివారం పొద్దున్నే వరండాలో కూర్చుని, తూటాలు లేకుండా, కాఫీ చల్లారేదాకా ఖళక్ ఖళక్‌మనిపిస్తూ ఉండేవాడు.

ఆ చప్పుడు విని గోడ మీంచి తొంగిచూసిన మనిషే పక్కింటాయన. మెదక్ వైపు వ్యవసాయ కుటుంబం. క్యాంపస్‌లోనే కెమిస్ట్రీ చెప్పేవాడు. నేను బాబాయిగారూ అనేదాన్ని, ఆయన నన్ను బిడ్డా అనేవాడు. ఆయన దగ్గర వాళ్ళ తాతనాటి ఒంటిగొట్టం తుపాకి ఉండేది. అందులో ఒక్కసారికి ఒక్కటే తూటా.

"ఇన్ని తూటాలెందుకు సార్?" అన్నాడు మొదటిరోజే. "ఒక్కటి తగుల్తే సాలు గద."

"తగలకపోతే?" అన్నాడు నాన్న.

"అట్లయితే మీకు ఇదే మంచిది."

అలా స్నేహం కుదిరింది. ఆదివారాలు నాన్న పాత కారులో ముగ్గురం మౌలాలి అవతల, రాయి తీసి వదిలేసిన క్వారీ గుంటకు వెళ్ళేవాళ్ళం. గట్టు మీద పాలపొడి డబ్బాలు నిలబెట్టి కాల్చేవాళ్ళం. నాన్న ఖాకీ నిక్కరు, గట్టి టోపీ, మోకాళ్ళదాకా మేజోళ్ళు వేసుకుని వచ్చేవాడు. బాబాయిగారు లుంగీ మీద వచ్చేవాడు. నన్ను మొదట డబ్బాలు సర్దడానికి తీసుకెళ్ళారు. నాకు అప్పటికే ఎన్‌సీసీలో చిన్న రైఫిలు అలవాటయింది. అందుకని ఒకరోజు అడిగాను.

"వెనక్కి తంతుంది," అన్నాడు నాన్న.

"తన్ననీ."

తన్నింది. డబ్బా కూడా పడింది. లీవరు దించి ఎక్కించి రెండోది కాల్చాను, అదీ పడింది. భుజం నొప్పి, ముక్కులో తుపాకిమందు వాసన, చెవుల్లో హోరు. ఎందుకో తెలియదు గాని నవ్వొచ్చింది. చదువులో, సంగీతంలో, పోపులో ఎందులోనూ నాకు అంత కచ్చితంగా జవాబు దొరకలేదు. ఇక్కడ తగిలితే తగిలినట్టే, లేకపోతే లేనట్టే, మధ్యలో ఎవరి అభిప్రాయమూ అక్కర్లేదు.

నాన్నకు మాత్రం అభిప్రాయం ఉంది. "గాలి ఆగింది," అన్నాడు. ఆయన కాల్చినప్పుడు మాత్రం గాలి ఎప్పుడూ ఆగేది కాదు.

నేను ఎం.ఏ.లో చేరిన ఏడే, అరవై తొమ్మిదిలో, ఉద్యమం వచ్చింది. ప్రత్యేక తెలంగాణ కావాలని విద్యార్థులు సమ్మెకు దిగారు. క్యాంపస్‌లో క్లాసులు ఆగిపోయాయి. రోజూ ఊరేగింపులు, నినాదాలు, అప్పుడప్పుడు లాఠీలు, టియర్‌గ్యాసు. ఊళ్ళో కొన్నిచోట్ల కాల్పులు కూడా జరిగాయి, పిల్లలు పోయారు. ఇది నవ్వే విషయం కాదు. కాని ఆ సమయంలో మా వీధి పెద్దమనుషులు చేసిన పనులు చూస్తే నవ్వకుండా ఉండటం కష్టం.

మా వీధిలో ఎక్కువగా కోస్తా నుంచి వచ్చిన ఉద్యోగస్తులే. ఎవరో వచ్చి ఇళ్ళ మీద పడతారని పుకారు లేచింది. మా ఇంట్లో రైఫిలుందని తెలియనివాళ్ళు లేరు, ఎందుకంటే నాన్నే చెప్పాడు. దాంతో సాయంత్రం కాఫీ వేళకల్లా మా ముందుగదిలో రక్షణ సంఘం సమావేశమయ్యేది. రైఫిలును టీపాయ్ మీద టర్కీ తువ్వాలు పరిచి పడుకోబెట్టేవారు. అందరూ చుట్టూ కూర్చుని దాన్ని చూసి ధైర్యం తెచ్చుకునేవారు.

"ఇది ఎంత దూరం కొడుతుందండీ?" అని అడిగాడు బ్యాంకులో పనిచేసే ఒకాయన. "అడిక్‌మెట్ దాకా వెళ్తుందా?"

"సిద్ధాంతరీత్యా వెళ్ళాలి," అన్నాడు నాన్న.

అమ్మ కాఫీలు ఇస్తూ, "అడిక్‌మెట్‌లో మన పాలవాడుంటాడు. వాణ్ణి వదిలేయండి," అంది.

అవతలి పక్షమేమీ తక్కువ తినలేదు. బాబాయిగారు క్యాంపస్ సభల్లో మాట్లాడటం మొదలుపెట్టాడు. కెమిస్ట్రీ క్లాసులో ముందు బెంచీకి కూడా వినపడని మనిషికి, మైకు దొరికేసరికి గొంతు మారిపోయింది. నేను వెనక నిలబడి విన్నాను. "ఆంధ్రోళ్ళు ఇంటింట తుపాకులు దాసిపెట్టుకున్నరు," అన్నాడు. చప్పట్లు మోగాయి.

ఆ సాయంత్రం నాన్న గోడ దగ్గర కాపు కాసి పట్టుకున్నాడు.

"ఇంటింటా అన్నారట. మన వీధిలో ఉన్నవి రెండే తుపాకులు మాస్టారూ. ఒకటి నాది, ఒకటి మీది."

"మీటింగ్ల రెండు అంటే ఎట్లుంటది సార్? మీరే చెప్పుండ్రి."

నాన్న కాసేపు ఆలోచించాడు. "బాగుండదు," అని ఒప్పుకున్నాడు. ఆయనా పాఠాలు చెప్పేవాడే కదా.

అయినా మాటలు తగ్గాయి. "మీవాళ్ళు", "మావాళ్ళు" అని మొదలయ్యాక గోడకు రెండు వైపులా మొహాలు కనపడటం మానేశాయి. అమ్మా, పక్కింటి పిన్నిగారూ మాత్రం అదే గోడ మీదుగా కరివేపాకు, ఇడ్లీపిండి, భర్తల మీద ఫిర్యాదులు ఇచ్చిపుచ్చుకుంటూనే ఉన్నారు.

అప్పుడు ఊరి నుంచి బాబాయిగారి అన్నయ్య కబురు పంపాడు. అడవిపందులు పల్లిచేను తవ్వి పారేస్తున్నాయని, తుపాకి తీసుకుని రమ్మని. ఊరికి వెళ్ళడానికి బస్సులు సరిగా లేవు. కారు మాది. చాలా రోజుల తర్వాత బాబాయిగారు గోడ మీంచి మొహం పెట్టాడు.

"సార్, పోదామా?"

"ఈ పరిస్థితుల్లోనా?"

"పందులకు ముల్కీ రూల్సు తెల్వయి సార్."

ఉద్యోగాల్లో స్థానికులకే హక్కు అనే ముల్కీ నిబంధనల మీదనే కదా ఆ గొడవంతా. నాన్నకు నవ్వు ఆగలేదు. పైగా ఖాకీ నిక్కరు వేసుకుని చాలాకాలమయింది. నన్నూ తీసుకెళ్ళారు, కారులో ఆడపిల్ల ఉంటే దారిలో ఎవరూ ఆపరని.

లాలాగూడలోనే ఆపారు. రైల్వే క్వార్టర్ల మలుపులో పదిమంది కుర్రాళ్ళు రోడ్డుకు అడ్డంగా బల్ల వేసుకుని నిలబడ్డారు. రైఫిలు, తుపాకి డిక్కీలో పరుపుచుట్టలో ఉన్నాయి. నాన్న టోపీ ఒళ్ళో పెట్టుకుని బిగుసుకుపోయాడు.

"యాడికి పోతుండ్రు?"

"ఊరికి," అన్నాడు బాబాయిగారు.

"స్టీరింగు మీద ఉన్నది ఎవరు?"

"మా సారు."

"జై తెలంగాణ అనుమను."

ఒకరిద్దరు కిటికీలోకి వంగారు. నాన్న గొంతు సవరించుకుని, క్లాసులో హాజరు పలికినట్టు స్పష్టంగా అన్నాడు: "జై తెలంగాణ అండీ."

ఆ కుర్రాళ్ళు విరగబడి నవ్వారు. ఒకడు మాత్రం నవ్వాపుకుని, "సార్, 'అండీ' తీసేసి ఇంకొక్కసారి," అన్నాడు. నాన్న రెండోసారి అన్నాడు. బల్ల తీశారు. ఊరు దాటాక బాబాయిగారు నెమ్మదిగా, "మంచిగ అన్నరు సార్," అన్నాడు. మెదక్ దాకా ఆ ఇద్దరూ ముల్కీ నిబంధనల మీదే పోట్లాడుకున్నారు. దారిలో ఒక్క కుందేలయినా కనపడి ఉండేదేమో, ఆ అరుపులకు అడవంతా ఖాళీ అయి ఉంటుంది.

చేను అడవి అంచున ఉంది. పొద్దు వాలేసరికి నాన్న, నేను ఒక పొద వెనక కూర్చున్నాం. బాబాయిగారు అవతలి మూల మోటరు కొట్టం పక్కన నక్కాడు. నాన్న గుసగుసగా గాలి దిశ గురించి, పంది చూపు గురించి, ఇంగ్లీషు వేట పుస్తకాల్లో చదివినవన్నీ నాకు చెప్పాడు. ఇంకా వెలుతురు ఉండగానే పందులు వచ్చాయి. ముందు ఒక పెద్దది, వెనక నాలుగైదు. వచ్చీ రాగానే ముట్టెలతో తవ్వడం మొదలుపెట్టాయి. మేము ఉన్నచోటికి చాలా దగ్గర.

నాన్న రైఫిలెత్తాడు. ఖళక్. లీవరు దిగి ఎక్కింది. పేలని తూటా ఒకటి ఎగిరి నా పాదం మీద పడింది. నాన్న మళ్ళీ లీవరు దించాడు, ఎక్కించాడు. ఇంకో తూటా పడింది. ఆయన వేలు ట్రిగ్గరు దాకా వెళ్ళనే లేదు. కళ్ళు పందుల మీద, చెయ్యి లీవరు మీద, నుదుటి నుంచి చెమట కారుతోంది. ఖళక్, ఖళక్, ఖళక్. ఉన్న తూటాలన్నీ చక్కగా, ఒక్కటీ కాల్చకుండా, గడ్డిలో పారబోశాడు. పందులు తలెత్తి ఆ చప్పుడు కాసేపు విన్నాయి. ప్రమాదం లేదని తేల్చుకుని మళ్ళీ పల్లీల్లో పడ్డాయి.

ఆ చప్పుడుకు అవతల బాబాయిగారు ఉలిక్కిపడి కాల్చాడు. ఆయన తూటా వాళ్ళన్నయ్య మోటరు కొట్టం రేకుల్ని తూట్లు పొడిచింది. పందులు పరుగందుకున్నాయి.

నాన్న రొప్పుతూ కూలబడ్డాడు. "కనీసం రెంటికి తగిలాయి," అన్నాడు.

"నాన్నా, ఒక్కటీ పేలలేదు."

"చప్పుడు వినలేదా?"

"అది బాబాయిగారిది."

తూటాలు ఏరి చూపించాను. ఆయన వాటిని తేరిపార చూసి, "నాసిరకం తూటాలు," అన్నాడు.

బాబాయిగారి అన్నయ్య చేనుకు అడ్డంపడి వచ్చాడు. కొట్టం రేకుల వైపు ఒకసారి, తమ్ముడి వైపు ఒకసారి చూశాడు. "ఒక్కటి గా గెనుసుగడ్డల మడిల జొర్రింది," అన్నాడు. "ఎవరన్న కొడ్తరా, లేకుంటే నేను కట్టె పట్టుకోవాల్నా?"

ఇద్దరు పెద్దవాళ్ళూ నేల చూశారు. నేను తూటాలు తుడిచి గొట్టంలోకి ఎక్కిస్తున్నాను.

"నువ్వు కొడ్తవా బిడ్డా?" అని ఆ అన్నయ్యే నన్ను అడిగాడు.

"కొడతానండీ."

గట్టు మీద బోర్లా పడుకున్నాను. పంది పక్కకు తిరిగి నిలబడేదాకా ఆగాను. ముందు కాలి వెనక గురిపెట్టి కాల్చాను. అది కాస్త దూరం ఉరికి ముందుకు పడింది. నేను లేవకుండానే లీవరు దించి ఎక్కించి ఎదురుచూశాను, రెండోది అక్కర్లేకపోయింది. దగ్గరికి వెళ్ళి చూశాను. వీపు మీద వెంట్రుకలు గట్టిగా, బ్రష్షులా ఉన్నాయి. ఒళ్ళు ఇంకా వేడిగా ఉంది. డబ్బా పడితే వచ్చే నవ్వు రాలేదు. కాని సంతోషం కలగలేదని చెబితే అబద్ధం. నేను అనుకున్నది అనుకున్నట్టు చేశాను, అంతే.

"మంచిగ కొట్టినవ్ బిడ్డా," అన్నాడాయన. "గింజుకోకుండ పోయింది."

పందిని ఊరివాళ్ళు పంచుకున్నారు. మేము మజ్జిగన్నం తిని తిరిగొచ్చాం.

తార్నాకలో నాన్న "మేమొకదాన్ని పడగొట్టాం" అన్నాడు. వారం తిరిగేసరికి "మేము" కాస్తా "నేను" అయింది. రక్షణ సంఘం ఆయనకు మరింత దగ్గరగా జరిగి కూర్చుంది. క్యాంపస్ క్యాంటీన్లో ఇంకో కథ నడుస్తోంది: అదే పందిని బాబాయిగారు తాతనాటి తుపాకితో, ఒక్క దెబ్బకు కొట్టాడట. నా క్లాస్‌మేటు వచ్చి నాకే చెప్పింది. ఒక్క పందిని ఆంధ్రావాడు ఒకడు, తెలంగాణవాడు ఒకడు చంపేశారు. ఆ రోజుల్లో రెండు ప్రాంతాలకూ సమానంగా దక్కింది బహుశా అదొక్కటే. నేను నోరు విప్పబోతే అమ్మ, "ఆ ముచ్చట ఇంకెక్కడా చెప్పకు తల్లీ, వీళ్ళిద్దరికీ మిగిలిన పరువు అదే," అంది.

తర్వాత కొన్నాళ్ళకు లైసెన్సు ఆయుధాలన్నీ పోలీసు స్టేషన్లో అప్పగించాలని చెప్పారు. నాన్న రైఫిలుకు నూనె రాసి, తువ్వాలు చుట్టి, పసిపిల్లను బళ్ళో దింపినట్టు దింపివచ్చాడు. బాబాయిగారు తన తుపాకిని సైకిలుకు కట్టి తీసుకెళ్ళి ఇచ్చాడు. రక్షణ సంఘం మరునాటి నుంచి కాఫీకి రావడం మానేసింది.

ఆ మధ్యలోనే పోలీసులు హాస్టళ్ళలోకి దూరి పిల్లల్ని కొట్టారు. చేతులు విరిగినవాళ్ళున్నారు. టీచర్లు ఖండన సభ పెడితే నాన్న వెళ్ళలేదు. "ఒంట్లో బాగాలేదు," అన్నాడు. వరండాలో పేపరు చదువుకుంటూ అన్నాడు.

గొడవలు సద్దుమణిగాక తుపాకులు తీసుకెళ్ళమన్నారు. ఇద్దరూ, వెనక నేను, స్టేషనుకు వెళ్ళాం. కానిస్టేబులు రైఫిలు తెచ్చి బల్ల మీద పెట్టాడు. నాన్న మొహం పాలిపోయింది. భుజానికి ఆనించే కర్ర మీద ఈ చివర నుంచి ఆ చివరకు గీత. లీవరు సందుల్లో ఎండిన బురద.

"ఏమిటిది?"

"మా సాబ్ రెండు మూడుసార్లు షికారుకు తీస్కపోయిండు సార్," అన్నాడు కానిస్టేబులు, మెచ్చుకోలుగా. "మస్తు కొడ్తది."

నాన్న అంత గట్టిగా మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. పౌరహక్కులన్నాడు, చట్టమన్నాడు, కాపాడమని ఇస్తే పాడుచేస్తారా అన్నాడు. బాబాయిగారు అంతా విని, మెల్లగా, "పోరగాండ్ల చేతులు ఇరగ్గొట్టినప్పుడు రాని కోపం, కట్టెకు గీత పడితే వచ్చిందా సార్?" అన్నాడు. నాన్న జేబురుమాలు తీసి లీవరు సందుల్లో బురద తుడవడం మొదలుపెట్టాడు.

ఆ వెనకే బాబాయిగారి తుపాకి వచ్చింది. ఇచ్చిన రోజు దుమ్ము ఇచ్చినట్టే ఉంది. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "దీన్ని ఎందుకు ముట్టలే?" అని అడిగాడు. కానిస్టేబులు జాలిగా చూశాడు. కారులో ఎవరి అవమానం వాళ్ళది.

మరుసటి వారం క్యాంపస్‌లో హాస్టళ్ళ మీద పోలీసు దాడి గురించి టీచర్లది ఇంకో సభ జరిగింది. నాన్న వెళ్తానన్నాడు. బాబాయిగారి మాట గుచ్చుకుందేమో అనుకున్నాను. విద్యార్థులతో హాలు నిండిపోయింది. నేను గోడవారగా నిలబడ్డాను. అందరూ మాట్లాడాక నాన్న లేచాడు. కోస్తా మనిషి లేచేసరికి గుసగుసలు బయలుదేరాయి.

"కాపాడతారని నమ్మి వాళ్ళ చేతుల్లో పెట్టాం," అన్నాడు నాన్న. "వాళ్ళేం చేశారు? ఇష్టమొచ్చినట్టు వాడుకున్నారు. ఒళ్ళంతా గీతలు. ఎంత అపురూపంగా చూసుకున్నాం? అడిగితే నవ్వుతారు. ఇంక ఎవరితో చెప్పుకోవాలి?"

హాలు ఒక్కసారిగా లేచి నిలబడింది. కొందరు తెలంగాణ గురించి అనుకున్నారు, కొందరు దెబ్బలు తిన్న పిల్లల గురించి అనుకున్నారు. చప్పట్లు ఆగలేదు. ముందు వరసలో బాబాయిగారు రెండు చేతుల్తో మొహం కప్పుకున్నాడు. ఆయన భుజాలు కదులుతుంటే పక్కనున్నాయన ఏడుస్తున్నాడనుకుని వీపు తట్టాడు. నాన్న ఇంకా లీవరు గురించి చెప్పాలనుకున్నాడు గాని, కుర్రాళ్ళు దండ వేసి దించేశారు.

బయట బాబాయిగారు నన్ను పక్కకు పిలిచి, "మీ నాయినకు ఏం చెప్పకు బిడ్డా," అన్నాడు. "గిన్ని రోజులకు ఒక మంచి మాట మాట్లాడిండు."

నేను చెప్పలేదు. క్యాంపస్‌లో కుర్రాళ్ళు నాన్నకు నమస్కారాలు పెట్టడం మొదలుపెట్టారు. వీధిలో బ్యాంకాయన మొహం తిప్పుకుని వెళ్ళిపోయేవాడు. రెండింటికీ కారణం ఆయనకు తెలియదు. "రైఫిలు విలువ తెలిసినవాళ్ళు విద్యార్థుల్లోనే ఉన్నారు," అనేవాడు దండను మేకుకు తగిలిస్తూ. ఆ వచ్చే ఆదివారం ఆయన గీత మీద మైనం రాస్తూ ఉండగా, నేనూ బాబాయిగారూ తూటాలు తీసుకుని కారులో కూర్చుని, క్వారీకి బయలుదేరమని హారన్ కొట్టాం.